మూరెడు కిటికీ

లేదా అదంతా సాకేనేమో. చేతుల్ని చూస్తే మనిషి తెలిసిపోతాడని నేను పద్దెనిమిదేళ్ళు నమ్మడం, ముఖాలు చూడకుండా తప్పించుకోవడానికి నాకు నేనే చెప్పుకున్న సాకేనేమో. ఇప్పుడు అలా అనిపిస్తోంది. ఈ ఎండాకాలానికి ముందు అనిపించలేదు.

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద మాది నాలుగు బల్లల హోటలు. వంటగదికీ ముందుగదికీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. మూరెడు వెడల్పు, జానెడున్నర ఎత్తు. ఇవతల నేను, పొయ్యి, బాణలి. అవతల మా అత్త సుంకమ్మ, మా ఆయన ఈరేష్, తినేవాళ్ళు. నేను బొరుగులతో చేసిన ఉగ్గాని ప్లేటు కిటికీ గట్టు మీద పెడతాను. ఒక చెయ్యి వచ్చి తీసుకుపోతుంది. రెండోసారి కావలసినవాళ్ళు తామే లేచి వచ్చి ఖాళీ ప్లేటు గట్టు మీద పెడతారు. అప్పుడు కూడా నాకు కనిపించేది చెయ్యే.

నూలు కోసిన గీతలున్న చేతులు మా నేతవాళ్ళవి. గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను ఉంటే వేరుశనక్కాయ చేనినుంచి వచ్చినట్టు. ఉంగరం తీసి జేబులో వేసుకుని తినే చెయ్యి ఒకటుంది, బ్యాంకు గుమాస్తాది. ఎవరికి కారం ఎక్కువ, ఎవరికి నిమ్మరసం పిండకూడదు, ఎవరికి పప్పుల పొడి మీద ఇంకో చిటికెడు చల్లాలి, అన్నీ నాకు తెలుసు. వీధిలో ఆ మనుషులే ఎదురుపడితే మాత్రం ఎవరో తెలియదు. వాళ్ళు పలకరింపుగా నవ్వితే నేను తల దించుకుని నడిచేదాన్ని. ఆ తలపొగరు చూడమని ఎవరో అన్నారట. అది పొగరు కాదని నాకు తెలుసు. ఏమిటో మాత్రం తెలియదు.

కాదు, తెలుసు. మొదటి ముద్దకూ రెండో ముద్దకూ మధ్య తినేవాడి ముఖం మీద ఒక క్షణం ఉంటుంది. ఆ క్షణంలో ఎంత మర్యాదస్థుడైనా అబద్ధం చెప్పలేడు. నాకు ఆ క్షణమంటే భయం. ఆ కిటికీ నన్ను దానినుంచి కాపాడింది.

ఆ చేతుల్లో ఒకటి చూపుడువేలు సగం లేని చెయ్యి. ప్రతి సోమవారం వచ్చేది. పత్తి లారీ డ్రైవరని ఈరేష్ ఒకసారి అన్నాడు. అతను మాట్లాడడు. తినేసి వచ్చి, మిగిలిన ఆ సగం వేలితో గట్టు మీద రెండుసార్లు కొడతాడు. టక్, టక్. ఇంకొక మిరపకాయ బజ్జీ కావాలని అర్థం. మూడేళ్ళ కిందట ఒక సోమవారం ఆ ప్లేటు సగం తిని సగం వదిలేసి ఉంది. వేలి చప్పుడు వినిపించలేదు. ఆ వారమంతా నేను ఉప్పును అనుమానించాను, నూనెను అనుమానించాను, చివరికి నన్ను అనుమానించుకున్నాను. పై సోమవారం అతను మళ్ళీ వచ్చి రెండు ప్లేట్లు తిని, టక్ టక్ కొట్టి పోయాడు. ఆ సగం ప్లేటు ఎందుకు వదిలాడో ఎవర్నీ అడగలేదు. బొమముడి పడిన నల్లటి ముఖం ఒకటి ఆ చేతికి నేనే తగిలించుకుని, దానికి భయపడుతూ బతికాను.

ఈ ఏడు జనవరిలో, జాతర రోజుల్లో, ఆ కిటికీలోకి కొత్త చెయ్యి ఒకటి వచ్చింది. రెండు బంగారు గాజులు, మధ్యలో ఒక ఎర్ర మట్టిగాజు. గట్టు దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఎవరమ్మా లోపల? ఈ చెయ్యి నాకు గావాల," అంది ఒక గొంతు.

"చెయ్యి ఒకటే ఇయ్యం తల్లీ, తీసకపోతే మనిషిని గూడా తీసకపో," అంది మా అత్త. ముందుగదిలో అందరూ నవ్వారు.

ఆమె పేరు సులోచన. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇల్లు. వైశాఖంలో కూతురు హర్షిణి పెళ్ళి. పెళ్ళిరోజు పొద్దున టిఫినుకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మేమే చేయాలట. ఆరువందల మందికి.

"మగపెండ్లోళ్ళు పత్తికొండోళ్ళు," అంది సులోచన. "ఇడ్లీ, పొంగలి యాడన్నా తింటారు. మా దిక్కు వచ్చినాక మా దిక్కు తిండి తినాల. ఏమప్పా, చేస్తారా?"

"చేస్తాం అమ్మా," అన్నాడు ఈరేష్.

నన్ను అడగలేదు. అడిగితే ఏమంటానో తెలుసు గనకే అడగలేదని తర్వాత ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం ముగ్గురం కూర్చున్నప్పుడు మా అత్త మోకాలికి నూనె రాసుకుంటూ అంది, "ఆరు నూర్ల మందా? ఏమప్పా, మనమేమన్నా జాతర జేస్తాండామా?"

"నాలుగు బల్లలకు ఎన్నాళ్ళు వడ్డిస్తామమ్మా? పది గంటలకంతా హోటలు ఖాళీ. జనం యాడ ఉంటే ఆడికి మనమే పోవాల. ఇప్పుడంతా క్యాటరింగే." ఈరేష్ నా వైపు తిరిగాడు. "నీ చేతి కింద ఎవురూ నిలబడలేరు సునందా. ఈ గోడెనక ఎవురికి తెలుస్తాది?"

గోడ వెనక ఉండటమే నాకు కావాలని అతనికి ఎలా చెప్పను? పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో చెప్పని సంగతి ఇప్పుడు చెబితే, అదొక జబ్బులా వినిపిస్తుంది.

ముందు చిన్నది చేసి చూద్దామని అతను పెద్దకడుబూరులో ఒక గృహప్రవేశం ఒప్పుకున్నాడు. నూటయాభై మంది. నేను ఇక్కడే చేసి పంపుతానని, వడ్డించడం వాళ్ళనే చూసుకోమని చెప్పాను. ఉగ్గాని చూసేవాళ్ళకు సులువు. బొరుగులు నీళ్ళలో ముంచి, వెంటనే పిండి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేగిన తాలింపులో కలపడమే. మామూలుగా ఒక బాణలికి ఇరవై ప్లేట్లు. ఆ రోజు నూటయాభై ప్లేట్లూ ఒకే పెద్ద డేక్షాలో కలిపాను. మాఘమాసమే అయినా మా దగ్గర ఎండ అప్పటికే ముదురుతుంది. దారిలో ఆరిపోకుండా పైన తడిగుడ్డ కప్పాను. నేతింట్లో పుట్టినవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు. మగ్గం మీది నూలు ఎండకు పెళుసెక్కి తెగకుండా, పని ఆపి లేచే ముందు తడిగుడ్డ కప్పడం మాకు నడక వచ్చిన నాటినుంచీ వచ్చిన పని. గుడ్డ కప్పి, మూత పెట్టి, తాడుతో బిగించాను. ఎంత జాగ్రత్తగా చేశానో అని మురిసిపోయాను కూడా.

వడ్డించాల్సిన మనిషి చివరి నిమిషంలో రాలేనందట. ఈరేష్ నన్ను బండెక్కమన్నాడు.

పెద్దకడుబూరులో మూత తీశాను. లోపల ఉగ్గాని లేదు. ఒక ముద్ద ఉంది. పసుపుపచ్చటి, మెరిసే, ఒకే ఒక్క ముద్ద. తన ఆవిరిలో తానే ఉడికి, తన బరువు కింద తానే నలిగిపోయింది. గంటె గుచ్చితే నిలబడింది.

జనం బంతిలో కూర్చుని ఉన్నారు. వేరే దారి లేదు. వడ్డించాను. అప్పుడు ముఖాలు చూశాను. చూడకుండా ఎలా ఉండగలను, వంగి వంగి వడ్డిస్తుంటే? ఒక పెద్దాయన ముద్దను వేలితో అటూ ఇటూ దొర్లించి చూసి, "ఏమ్మా, ఇది పెద్దోళ్ళకా, పండ్లు రాని బిడ్డలకా?" అన్నాడు. బంతి ఆ కొసనుంచి ఈ కొసదాకా నవ్వింది. ఆయన చెడ్డవాడు కాదు. నవ్వాడు, ఉన్నదంతా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. కానీ మొదటి ముద్ద తర్వాత ఆయన ముఖం మీది ఆ క్షణాన్ని నేను చూశాను. అది నేను పద్దెనిమిదేళ్ళుగా ఊహించుకున్నట్టే ఉంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఇంటికి వచ్చాక మా అత్త డేక్షాలోకి తొంగి చూసింది. ఏమీ తిట్టలేదు.

"ఈడికి సాలు," అంది. "రేపు ఆదోనికి పోయి ఆయమ్మకు మా చేత కాదని సెప్పేసి రా ఈరేషూ. ఉన్న పేరన్నా ఉంటాది."

ఈరేష్ డేక్షా అడుగున అంటుకున్నదాన్ని కొబ్బరిచిప్పతో గీకుతూ కూర్చున్నాడు. శుభ్రమైపోయిన తర్వాత కూడా గీకుతూనే ఉన్నాడు.

నాకు లోపల ఎలా ఉందో రాయాలంటే ఇప్పటికీ సిగ్గే. హాయిగా ఉంది. ఇక ఎక్కడికీ పోనవసరం లేదు. కిటికీ ఉంది, పొయ్యి ఉంది. నా భర్త ఆశ పోయి ఆ డేక్షా ముందు కూర్చుని ఉంటే నాకు హాయిగా ఉంది. ఆ హాయిని గుర్తుపట్టి నేను ఉలిక్కిపడ్డాను. ముద్దయిన ఉగ్గానిని చూసినప్పుడు కూడా అంత భయపడలేదు. తడిగుడ్డ కప్పింది నిజంగా పొరపాటేనా, లేక ఓడిపోవాలని నాలో ఎవరో చేసిన పనా? పొరపాటే. అయినా ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు నిద్రలోనూ వదల్లేదు. ఈరేష్ కూడా రేపు పోతా, ఎల్లుండి పోతా అంటూ ఆదోని వెళ్ళకుండా జరుపుతున్నాడు.

మూడో రోజు కరివేపాకు కోసం ఎదురింటికి పోయాను. ఎదురిల్లు ఉచ్చీరమ్మది. మా వీధిలో మగ్గాలు తగ్గిపోయినా ఆమె ఇంట్లో ఇంకా రెండు ఆడుతున్నాయి. వాకిట్లో రంగు తొట్టి ముందు కూర్చుని నూలు పిండుతోంది.

"ఏమ్మే, మీ ఉగ్గాని పెద్దకడుబూరుకు పోయి సంగటై వచ్చిందంట?"

"నీకు ఎవరు సెప్పిరి అక్కా?"

"ఎవరు సెప్పలేదు అని అడుగు." నవ్వుతూ ఇంకో పిడికెడు నూలు తీసింది. పిండింది, విదిల్చింది, దండెం మీద వేసింది. మళ్ళీ ఒక పిడికెడు. మోచేతులదాకా నీలం.

"అంత నూలుండాది, కొంచెం కొంచెం తీస్తాండావు. రెండు మూడు కలిపి పిండితే జల్దీ అయితాది గదా?"

ఉచ్చీరమ్మ నన్ను వింతగా చూసింది. నేతింటి కోడలు అడగాల్సిన ప్రశ్న కాదది. "నా చెయ్యి ఎంతో అంతే పిండాల. ఎక్కువ పట్టుకుంటే పైన పిండినట్లే ఉంటాది, లోపల నీళ్ళు నీళ్ళే. బిర్రుగా పిండితే నూలు సస్తాది. జల్దీ కావాలంటే ఇంకో మనిషిని పిలవాల. నువ్వు కూర్చో, నువ్వు గూడా పిండు."

కూర్చున్నాను. ఆమె చూపించినట్టు పిండాను. రాని పని కాదు, బొరుగులు పిండేది కూడా ఈ చేతులతో ఇలాగే. పిడికిలికి పట్టినంత. అంతకు మించితే లోపల నీళ్ళు. నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. ఆ డేక్షా ఎంత పెద్దదైనా నా చెయ్యి పెద్దది కాలేదు.

కరివేపాకు మరిచిపోయి ఇంటికి వచ్చాను. చేతులకు నీలం అలాగే ఉంది. ఆరువందల మందికి ఉగ్గాని అంటే ఒక పెద్ద ఉగ్గాని కాదు. ఇరవై ప్లేట్ల బాణలి, ముప్పైసార్లు. ఒక్కదాన్నే అయితే మధ్యాహ్నమవుతుంది. పన్నెండు పొయ్యిలు, పన్నెండు బాణళ్ళు, నూలు పిండిన పన్నెండు జతల చేతులు ఉంటే, అందరికీ వేడివేడిగా, పిండిన మరుక్షణం కలిపి పెట్టవచ్చు. అక్కడే, తినేవాళ్ళ ఎదురుగానే.

ఎదురుగానే. ఆ మాట దగ్గర నా ఆలోచన కాళ్ళు మడిచి కూలబడింది. అక్కడ గోడ ఉండదు. దీన్ని మించిన ఉపాయం లేదని ఒక మనసు, ఇది చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదని ఒక మనసు. గదిలో నేనొక్కదాన్నే. బాణలి చల్లగా ఉంది.

కిటికీలోంచి పిలిచాను. "ఏమప్పా, పన్నెండు పొయ్యిలు గావాల."

"ఏమిటికి?"

"ఆదోనికి. ఆడనే చేద్దాం. వాళ్ళ ముందరే."

ఈరేష్ వంగి కిటికీలోంచి నా వైపు చూశాడు. ఆ చట్రంలో ఒక ముఖం కనపడటం అదే మొదటిసారి అనుకుంటాను. గెడ్డం నెరిసింది. ఎప్పుడు నెరిసిందో నేను గమనించలేదు.

మర్నాడు ఇద్దరం ఆదోని వెళ్ళాం. మా మాట చెప్పేలోపే సులోచన అంది, "పెద్దకడుబూరు సంగతి నాకు తెలిసింది."

"తెలిసినాక గూడా మమ్మల్ని రానిచ్చినారు," అన్నాను నేల చూస్తూ.

"రానిచ్చినా, అవునా? ఇను. ఇడ్లీలు ఇంకొకరికి సెప్పి పెట్టినా. పెండ్లిరోజు డబ్బాల్లో మూతలేసి మీ పక్కనే ఉంటాయి. మొదటి వందమంది తిన్యాక ముఖం చిట్లిస్తే, నువ్వు పొయ్యిలు ఆర్పాల, నేను ఇడ్లీ మూతలు తీయాల. ఏమీ అనుకోకూడదు. నా కూతురి పెండ్లి."

"తీయండి అమ్మా. నేనే తీసి ఇస్తా."

"తల ఎత్తి మాట్లాడు తల్లీ. నాకు సెప్తాండావా, బండలకు సెప్తాండావా?"

ఆమె కోపంగా అనలేదు. అయినా నేను ఎత్తలేకపోయాను. ఎరుపంచు చీర, దాని కింద మట్టెలు, వెండి కడియం. ఆమె గురించి అప్పటికి నాకు తెలిసింది అంతే.

చైత్రమంతా మా వెనకవాకిట్లో సాధన. వీధిలోంచి పదకొండుమంది వచ్చారు, వాళ్ళకు ఉచ్చీరమ్మ పెద్ద. నాతో పన్నెండు. అందరికీ ముంచడం నేర్పాల్సి వచ్చింది గానీ పిండటం నేర్పాల్సిన పని లేకపోయింది. ఒక గ్లాసు నూనె, రెండు పిడికిళ్ళ ఉల్లిపాయలు, ఉప్పుకు ఒకే గరిటె, అందరికీ ఒకే కొలత. చేసినది వీధికంతా పంచాం. ఆ నెలంతా వీధిలో ఎవరూ పొద్దున పొయ్యి వెలిగించలేదు.

మా అత్త మాత్రం కదల్లేదు. పెళ్ళికి ముందురోజు సామాను బండికి ఎత్తుతుంటే గడపలో కూర్చుని అంది, "నేను రాను. పోయే పేరును సాగనంపేదానికి నేనేమిటికి?"

ఆదోనిలో కల్యాణ మండపం పక్క ఖాళీ జాగాలో షామియానా. దాని కింద ఉగ్గానికి పన్నెండు పొయ్యిలు ఒకే వరుసలో, బజ్జీలకు విడిగా ఇంకొకటి. మొదటి పొయ్యి నాది, జనం వచ్చే దారికి అన్నిటికంటే దగ్గర. నా ఎడమపక్క బల్ల మీద వేరేవాళ్ళు తెచ్చిన ఇడ్లీ డబ్బాలు ఆరు. వాటి మూతల సందుల్లోంచి సన్నగా ఆవిరి వస్తోంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. తూర్పు అప్పుడే తెల్లబడింది, చెమట మాత్రం వీపు మీద కారుతోంది.

"జరుగు," అంది ఎవరో వెనకనుంచి.

మా అత్త. మొదటి బస్సుకు వచ్చింది. చేతిలో పాతగుడ్డలో చుట్టిన తన జల్లిగంటె.

"రానంటివి గదత్తా?"

"ఇంట్లో ఒక్కదాన్నే గోడలు సూస్తా కూర్చోవల్లనా? నువ్వు ఉగ్గాని సూసుకో. మిరపకాయలు సీల్చేది మీకెవురికీ రాదు, గింజలు అట్లే ఉంటాయి." బజ్జీల బాణలి ముందు ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. నా వైపు చూడకుండా, "నూనె కాగలేదు, మంట పెంచు," అంది. ఆమె దీవెన అంతకంటే పొడుగు ఎప్పుడూ ఉండదు.

ఈరేష్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పత్తికొండ బస్సులు రెండూ ఒకేపారి వచ్చినాయి. అందురూ ఇట్లే వస్తాండారు!"

"రానీప్పా," అంది ఉచ్చీరమ్మ చీర కొంగు బిగించి. "మనమేమన్నా పెండ్లికొడుకా, భయపడేదానికి?"

పన్నెండుమంది ఆడవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వులోనే మొదటి బొరుగులు నీళ్ళలో పడ్డాయి.

తర్వాత నాకు గుర్తున్నది చేతులే. ముంచుతున్న చేతులు, పిండుతున్న చేతులు, ప్లేట్లు చాపిన చేతులు. నేను తల దించుకుని కలుపుతున్నాను. ఎదురుగా ప్లేటు వస్తుంది, గంటెడు వేస్తాను, ప్లేటు పోతుంది. మళ్ళీ ప్లేటు. గోరింటాకు చేతులు, వాచీలున్న చేతులు, వణికే ముసలి చేతులు. బాణలి అంచుకూ ఆ ప్లేట్లకూ మధ్య మూరెడు వెడల్పు, జానెడున్నర ఎత్తు. నవ్వు వచ్చింది. గోడ లేకపోయినా కిటికీని నేను ఎమ్మిగనూరు నుంచి మోసుకొచ్చుకున్నాను.

కొంతసేపటికి నా చెవుల్లో ఏదో మారింది. పన్నెండు గంటెలు పన్నెండు బాణళ్ళకు తగిలే చప్పుడు, ముందు ఎవరిది వాళ్ళదిగా ఉన్నది, ఒక వరుసలో పడింది. కలిసి లేస్తోంది, కలిసి పడుతోంది. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా వీధి పొద్దున్నే ఇలాగే మోగేది, ప్రతి ఇంట్లో మగ్గం. ఆ చప్పుడు ఒక్కొక్క ఇల్లూ ఆగిపోతూ వచ్చింది. ఆదోనిలో, ఎవరిదో పెళ్ళిలో, అది మళ్ళీ మొదలైంది. ఉచ్చీరమ్మకు కూడా వినిపించినట్టుంది. ఆమె గంటె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వరుసలో కలిసింది.

రెండు బంగారు గాజులు, మధ్యలో ఒక ఎర్ర మట్టిగాజు. ఆ చెయ్యి ప్లేటు చాపింది. వేశాను. నా ఎదురుగానే నిలబడి తింటోంది. నాకు ఆమె చెయ్యి మాత్రమే కనిపిస్తోంది. ప్లేటు నుంచి పైకి పోయింది. కిందికి వచ్చింది. ప్లేటు అంచు మీద ఆగింది. తర్వాత ఆ వేళ్ళు ప్లేటులో దిగాయి, ఈసారి ముద్ద పెద్దది.

"ఏమప్పోయ్, ఎవురాడ?" సులోచన నోట్లో ముద్దతోనే కేకేసింది. "ఆ ఇడ్లీ డబ్బాలు మూత తీయొద్దండి. ఎత్తుకపోయి ఆస్పత్రి ముందర పంచేసి రాండి. వేడిగా ఉన్యప్పుడే పోండి."

ఇద్దరు వచ్చి డబ్బాలు ఎత్తారు. ఒకటి, రెండు, ఆరు. నా ఎడమపక్క బల్ల ఖాళీ అయ్యింది. మా అత్త ఆ ఖాళీ బల్ల మీద తన బజ్జీల పళ్ళెం టంగుమని పెట్టింది.

ఆ తర్వాత ఒకసారి వచ్చిన చేతులు రెండోసారి రావడం మొదలయ్యాయి. పత్తికొండ పెద్దాయన ఒకరు సులోచనను పిలిచి, "వదినమ్మా, పెండ్లికూతురితో పాటు ఈ వంట పిల్లను గూడా పంపించు," అన్నాడు.

మా అత్త నూనెలోంచి తల తిప్పకుండానే, "మా పిల్లను ఇయ్యం స్వామీ. మీ ఊర్లో గూడా పెండ్లి పెట్టుకోండి, మేమే వస్తాం," అంది.

ఉత్తి మాటగా అనలేదామె. ఆ తర్వాతి ముహూర్తాలకు మేం పత్తికొండ పోయాం, కృష్ణగిరి పోయాం. పెద్దకడుబూరు నుంచి కూడా పిలిచారు, అప్పుడు ముద్దను దొర్లించిన పెద్దాయనే ఈసారి మూడుసార్లు వేయించుకున్నాడు. ఇప్పుడు మా హోటలు బోర్డు మీద పేరు కింద క్యాటరింగ్ అని రెండో వరుస ఉంది, ఎర్రరంగులో. ఉచ్చీరమ్మ తన మగ్గం అమ్మలేదు గానీ, పెళ్ళిళ్ళ రోజుల్లో దాని మీద తడిగుడ్డ కప్పి వస్తుంది. ఇవన్నీ జరిగాయి. కానీ ఈ ఎండాకాలాన్ని తలుచుకుంటే నా మనసు వీటి దగ్గర ఆగదు. ఆ పొద్దున, రద్దీ తగ్గిన తర్వాత జరిగిన ఒక చిన్న సంగతి దగ్గరికి పోతుంది.

చివరి బాణలి. అడుగున నాలుగైదు ప్లేట్లకు సరిపడా ఉంది. మిగతా పొయ్యిలు ఆర్పేశారు, ఆడవాళ్ళు చేతులు కడుక్కుంటూ ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకుంటున్నారు. నేను తల దించుకుని ఉగ్గానిని ఒక పక్కకు పోగు చేస్తున్నాను. ఒక ఖాళీ ప్లేటు వచ్చి బల్ల అంచు మీద ఆగింది.

టక్, టక్.

చూపుడువేలు సగమే ఉంది. ఇస్త్రీ చొక్కా చేతి అంచు, దానికి పెళ్ళివాళ్ళు చల్లిన పన్నీటి మరకలు. సులోచన ఇంటి పత్తి మోసే లారీ అతనిదేనేమో, పెళ్ళికి పిలిచి ఉంటారు. అతని కారం నాకు తెలుసు, ఉప్పు తెలుసు, అతను వదిలేసిన ఆ సగం ప్లేటు తెలుసు. ఇన్నేళ్ళూ నేను భయపడిన బొమముడి ముఖం ఇప్పుడు నాకు మూరెడు దూరంలో ఉంది. మధ్యలో గోడ లేదు. ఉన్నదల్లా నా మెడ వంపు ఒక్కటే.

బజ్జీల పళ్ళెంలోంచి రెండు తీసి ప్లేటులో పెట్టాను. పైది కొంచెం ఎక్కువ ఎర్రగా వేగినది, అతనికి అదే ఇష్టం.

"ఏమన్నా, ఈ పొద్దు ఒకటి సాలదులే, రెండు తిను," అన్నాను, తల ఎత్తి అతని ముఖంలోకి చూస్తూ.